బ్లూబెర్రీ డబ్బా మీద ముద్ర

మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాను. డెట్రాయిట్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఎక్కువమంది కార్ల కంపెనీల ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు. వ్యవసాయం వదిలి ఒక తరం అయినా, తినే పండు ఎక్కడిది, దాని మీద ఏ మందు కొట్టారు అన్న చర్చ మాత్రం ఏ ఇంట్లో భోజనాల దగ్గర కూర్చున్నా వస్తూనే ఉంటుంది. ఈ రోజు ఆ చర్చలో ఒక భాగాన్నే తీసుకుంటున్నాను. బెర్రీ పండ్లు, అందులో ముఖ్యంగా బ్లూబెర్రీ, దాని మీది ఆర్గానిక్ ముద్ర.

జనవరిలో ఇక్కడ ఏ సూపర్ మార్కెట్టుకు వెళ్ళినా పండ్ల అరలో బ్లూబెర్రీ డబ్బాలు బారులు తీరి ఉంటాయి. బయట చూస్తే మంచు. డబ్బా తిప్పి చదివితే పెరూ అనో, చిలీ అనో, మెక్సికో అనో రాసి ఉంటుంది. కొన్నింటి మీద ఆకుపచ్చా తెలుపూ కలిసిన గుండ్రటి యూఎస్‌డీఏ ఆర్గానిక్ ముద్ర. జులై వచ్చేసరికి అదే అరలోకి మన మిషిగన్ పండు వస్తుంది. మూడు గంటలు కారు నడిపితే చేరే తోటల్లో కోసినది. దాని మీద చాలాసార్లు ఆ ముద్ర కనిపించదు. దాంతో మనవాళ్ళు తేల్చేస్తారు. "ఇక్కడివాళ్ళు మందులు కొడతారండీ, పెరూవాళ్ళే నయం" అని.

మందు కొడతారన్నది నిజమే. ఎందుకు కొడతారన్నదే మనకు పట్టదు. బెర్రీ పండుకు ఆర్గానిక్ ముద్ర రావడం రైతు మంచి చెడ్డల మీద కన్నా ఆ పొలం మీద వాన ఎంత పడుతుంది, అక్కడ ఏ ఈగ ఎగురుతుంది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

బ్లూబెర్రీ ఈ ఖండానిదే. మిషిగన్ ప్రాంతపు ఆదివాసులైన అనిషినాబే జనం దీన్ని అడవిలో ఏరి, ఎండబెట్టి, చలికాలానికి దాచుకునేవాళ్ళు. తెల్లవాళ్ళు వచ్చి మూడు వందల ఏళ్ళు గడిచినా దీన్ని తోటలో పెంచడం ఎవరికీ చేతకాలేదు. మంచి నేలలో నాటి, పేడ ఎరువు వేసి, సున్నం చల్లి ముద్దు చేస్తే మొక్క చచ్చిపోయేది. ఫ్రెడరిక్ కోవిల్ అనే ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త 1910లో అసలు సంగతి బయటపెట్టాడు. ఈ మొక్కకు మంచి నేల పనికిరాదు, ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి. ఆ చిన్న పుస్తకం న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ రైతు కూతురు ఎలిజబెత్ వైట్ చేతికి చిక్కింది. ఆమె కోవిల్‌కి ఉత్తరం రాసి, మా పొలంలో ప్రయోగం చెయ్యండి అని పిలిచింది. అడవిలో పండ్లు ఏరేవాళ్ళకు బెజ్జం ఉన్న కొలబద్ద ఇచ్చి, ఆ బెజ్జంలో పట్టనంత లావు పండు కాసే పొద చూపిస్తే డబ్బులిస్తానంది. పొద చూపించినవాడి పేరే ఆ పొదకు పెట్టింది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద రూబెల్ అయింది. 1916లో మొదటి తోట పంట అమ్మకానికి వచ్చింది. నూరేళ్ళు దాటినా రూబెల్ ఇంకా మిషిగన్ తోటల్లో ఉంది. పండు చిన్నదే, కానీ రుచిలో ఈనాటి లావుపాటి రకాలకు ఏమీ తీసిపోదు.

మిషిగన్ పడమటి ఒడ్డు, అంటే వాన్ బ్యూరెన్, అలిగన్, ఒటావా కౌంటీలు, ఈ పంటకు పుట్టిల్లు లాంటివి. ఇసుక నేల, కిందనే నీరు, సహజంగానే ఆమ్ల గుణం. సౌత్ హేవెన్ ఊళ్ళో 1963 నుంచి ఏటా ఆగస్టులో బ్లూబెర్రీ పండుగ చేస్తున్నారు. రాష్ట్రం మొత్తం మీద సుమారు 20 వేల ఎకరాల్లో ఈ తోటలున్నాయి. మిషిగన్ సరస్సు మీది గాలి చలి తీవ్రతను కాస్త తగ్గిస్తుంది. ఇవన్నీ కలిసొచ్చినా ఆర్గానిక్ దగ్గరికి వచ్చేసరికి ఈ రాష్ట్రం వెనకబడింది.

దానికి ముఖ్యమైన కారణం ఒక ఈగ. ఇంగ్లీషులో స్పాటెడ్ వింగ్ డ్రొసోఫిలా అంటారు. మగ ఈగ రెక్క మీద నల్ల చుక్క ఉంటుంది కాబట్టి మచ్చరెక్క ఈగ అనుకుందాం. మన వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ మూగే సన్నటి ఈగలకు ఇది దాయాది. ఆ ఈగలు కుళ్ళిన పండు మీదే వాలతాయి. ఇది అలా కాదు. ఆడ ఈగ తోకకు రంపం పళ్ళలాంటి అంచు ఉంటుంది. దాంతో చెట్టు మీద రంగు తిరుగుతున్న పండు తొక్కను కోసి లోపల గుడ్డు పెడుతుంది. పైకి ఏమీ తెలియదు. తూర్పు ఆసియా దీని స్వస్థలం. 2008లో కాలిఫోర్నియాలో కనబడింది. 2010లో మిషిగన్ చేరింది. రెండు వారాలలోపే ఒక తరం పూర్తి చేసుకుంటుంది కనక జులైలో పదులుగా ఉన్నవి ఆగస్టుకు లెక్కకు అందవు. తేమ, నీడ, మధ్యస్థపు వేడి దీనికి ఇష్టం. మిషిగన్ వేసవి సరిగ్గా అదే.

ఒక వేసవిలో పల్నాడు నుంచి మా బాబాయి వచ్చాడు. ముప్పై ఏళ్ళు మిర్చి వేసిన మనిషి. ఇక్కడ ఎవరి పండ్లు వాళ్ళే కోసుకునే తోటలుంటాయి. బకెట్టు నడుముకు కట్టుకుని సాళ్ళలోకి వెళ్ళి, కోసినంత తూకం వేయించుకుని డబ్బులు కట్టాలి. అలాంటి తోటకు తీసుకెళ్ళాం. పిల్లలు బకెట్టులో కన్నా నోట్లో ఎక్కువ వేసుకుంటుంటే, బాబాయి మాత్రం ఆకులు తిప్పి వెనక పక్క చూస్తూ, కొమ్మలు వంచి మొదళ్ళు చూస్తూ నడిచాడు. తూకం దగ్గరున్న రైతమ్మను చూపించి, "ఏం మందు కొడతారో అడగరా" అన్నాడు. అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. కాయ నీలం రంగు తిరగడం మొదలైన దగ్గరనుంచి కోత అయ్యేదాకా వారానికోసారి కొట్టాల్సిందే, వాన పడితే మళ్ళీ కొట్టాలి అంది. ఎందుకో చూడండి అని, ఒక వరస చివర మందు కొట్టకుండా వదిలిన పొద నుంచి గుప్పెడు పండ్లు కోసి, ప్లాస్టిక్ సంచిలో వేసి, కాస్త చిదిమి, ఉప్పునీళ్ళు పోసింది. నాలుగు కప్పుల నీళ్ళకు పావు కప్పు ఉప్పు, అదీ లెక్క. పావుగంట తర్వాత సంచి వెలుతురుకు పట్టుకుంటే తెల్లటి సన్నటి దారపు ముక్కల్లాంటివి నీళ్ళలో కదులుతున్నాయి. మా చిన్నది ఆ రోజు మళ్ళీ పండు ముట్టలేదు.

బాబాయి మాత్రం తల ఊపాడు. "మాకు తామర పురుగు వచ్చినట్టు" అన్నాడు. 2021లో మన గుంటూరు, పల్నాడు, ఖమ్మం మిర్చిని దెబ్బకొట్టిన నల్ల తామర పురుగు సంగతి. అది కూడా మన నేలది కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. పూతలో దూరి పూతంతా రాల్చేసింది. జిగురు అట్టలు, వేపనూనె, ఖరీదైన మందులు, ఏదీ పూర్తిగా నిలబడలేదు. పరాయి పురుగు కొత్త చోట అడుగుపెట్టినప్పుడు దాన్ని తినే శత్రువులు వెంట రావు. మొదటి కొన్నేళ్ళు రైతు చేతిలో మందు డబ్బా తప్ప ఏమీ ఉండదు. పల్నాడైనా పడమటి మిషిగనైనా ఆ కొన్నేళ్ళు ఒకేలా గడుస్తాయి.

ఆర్గానిక్ రైతు చేతిలో ఆ డబ్బాలు కూడా తక్కువ. ఆర్గానిక్ అంటే మందే కొట్టరని చాలామంది అనుకుంటారు. అది తప్పు. రసాయన శాలలో తయారైనవాటిని, కొద్ది మినహాయింపులతో, కొట్టకూడదు. ప్రకృతిలో దొరికేవి చాలావరకు కొట్టవచ్చు. ఈ ఈగ మీద ఆర్గానిక్ రైతుకు గట్టిగా పనిచేసేది స్పైనోసాడ్ అనే మందు. దాని పుట్టుక చిత్రమైనది. 1982లో కరీబియన్ దీవుల్లో మూతపడ్డ ఒక రమ్ము బట్టీ దగ్గరి మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవి దీన్ని తయారుచేస్తుంది. చక్కగా పనిచేస్తుంది, కానీ తడిగా ఉన్నంతసేపు తేనెటీగకు ప్రమాదం. ఒక సీజనులో ఇన్నిసార్లకు మించి కొట్టకూడదని లేబుల్ మీదే షరతు. మాటిమాటికీ అదే కొట్టినచోట ఈగ దానికి అలవాటు పడిపోతోందని కాలిఫోర్నియా తోటల్లో తేలింది. మామూలు రైతు నాలుగైదు రకాలు మార్చి మార్చి కొడతాడు. ఆర్గానిక్ రైతుకు మార్చడానికి పెద్దగా ఏమీ లేదు. ఇక మిగిలింది తోట మొత్తానికి సన్న కన్నాల వల కట్టడం, రెండు రోజులకోసారి పండింది పండినట్టు కోసేయడం, కోసిన వెంటనే చల్లటి గదిలో పెట్టడం. వలకు పెట్టుబడి, కోతకు కూలీలు. రెండూ ఇక్కడ ప్రియమే.

ఈ మధ్య ఒక ఆశ కనిపిస్తోంది. గనాస్పిస్ అనే అతి చిన్న కందిరీగ జాతి కీటకాన్ని ఆసియా నుంచే తెచ్చారు. అది ఈ ఈగ పిల్ల లోపల గుడ్డు పెట్టి దాన్ని చంపేస్తుంది. వేరే జీవుల జోలికి పోదని ఏళ్ళ తరబడి పరీక్షించాక 2021లో అమెరికా ప్రభుత్వం వదలడానికి అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడు నుంచి మిషిగన్ సహా పలు రాష్ట్రాల్లో వదులుతున్నారు. మన దగ్గర చెరకు తోటల్లో ట్రైకోగ్రామా అనే ఇలాంటి మేలు కీటకాల కార్డులు కట్టిన రైతులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. చలికాలాలు తట్టుకుని ఇది ఇక్కడ నిలదొక్కుకోవాలి. అందుకు కొన్నేళ్ళు పడుతుంది.

మరి అమెరికాలో ఆర్గానిక్ బ్లూబెర్రీ ఎక్కడ పండుతోంది? వాషింగ్టన్ రాష్ట్రంలో. ఆ మాట వినగానే అందరికీ సియాటిల్ వానలు గుర్తొస్తాయి. ఈ తోటలు పెరిగింది ఆ వైపు కాదు. కాస్కేడ్ కొండలకు తూర్పున, ఏడాదికి పది అంగుళాల వాన కూడా పడని ఎండు ప్రాంతంలో. అక్కడి నేల బ్లూబెర్రీకి అసలు సరిపడదు, క్షార గుణం ఎక్కువ. అయినా రైతులు గంధకం వేసి నేలను మార్చుకున్నారు, నీటికి ఆమ్లం కలిపి డ్రిప్‌లో వదులుతున్నారు. ఎందుకింత తంటా? గాలి పొడిగా ఉంటే తెగుళ్ళు రావు, కాయకుళ్ళు రాదు, మచ్చరెక్క ఈగ ఎండకు తట్టుకోలేదు. నేలను మార్చుకోవచ్చు గానీ గాలిని మార్చుకోలేం కదా. మిషిగన్‌లో నేల మంచిది, గాలి చెడ్డది. అక్కడ గాలి మంచిది, నేల చెడ్డది. ఆర్గానిక్ పంట గాలి మంచిదైన చోటికే వెళ్ళింది.

పెరూ కథ దీనికి రెండింతలు. పసిఫిక్ తీరం వెంట లా లిబర్తాద్, లాంబయేకే ప్రాంతాలు ఒకప్పుడు చాలావరకు ఇసుక ఎడారి. వాన దాదాపు సున్నా. ఆండీస్ కొండల నుంచి దిగే సాంతా నది నీటిని చావిమోచిక్ అనే కాలువ పథకంతో మళ్ళించి లా లిబర్తాద్ ఇసుకలో సాగు మొదలుపెట్టారు. ఇంకొక ముడి వీడాలి. ఉత్తరాది బ్లూబెర్రీకి చలికాలం తప్పనిసరి, వందల గంటలు చలి తగలకపోతే పూయదు. మిసిసిపీ రాష్ట్రంలో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు 1998లో విడుదల చేసిన బిలాక్సీ అనే రకానికి ఆ చలి అక్కర్లేదు. ఆ రకంతోనే పెరూ నిలబడింది. 2010 ప్రాంతంలో లెక్కలోకి రాని దేశం పదేళ్ళు తిరిగేసరికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బ్లూబెర్రీ ఎగుమతి చేస్తోంది. ఏటా రెండు లక్షల టన్నులకు పైగా. చెట్టును ఏ నెలలో కత్తిరిస్తే ఎప్పుడు కాస్తుందో లెక్కగట్టి, మనకు పండు లేని సెప్టెంబరు నుంచి జనవరి దాకా కాయిస్తారు.

అక్కడ వాన లేదు కాబట్టి తెగుళ్ళు తక్కువ, తెగుళ్ళు తక్కువ కాబట్టి ఆర్గానిక్ ముద్ర తెచ్చుకోవడం సులువు. వాళ్ళను తక్కువ చేసి మాట్లాడటం లేదు. మిషిగన్ రైతును దోషిని చేయొద్దంటున్నాను, అంతే.

ఇప్పుడు ఒక తగాదా గురించి చెప్పాలి. ఆర్గానిక్ ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద తగాదా ఈ మధ్య లేదు. పండు నేలలో పండాలా, కుండీలో పండినా ఫరవాలేదా? పెరూలోనూ, మెక్సికోలోనూ, కాలిఫోర్నియాలోనూ పెద్ద కంపెనీలు బ్లూబెర్రీని ప్లాస్టిక్ కుండీల్లో, రాస్ప్‌బెర్రీని గుడారాల కింద సంచుల్లో పెంచుతున్నాయి. ఆ కుండీల్లో వాడేది మట్టి కాదు, కొబ్బరి పొట్టు. పీచు తీశాక మిగిలే పొట్టును కడిగి, ఇటుకల్లా నొక్కి, మన దక్షిణ భారతం నుంచీ శ్రీలంక నుంచీ ఓడలకెత్తుతారు. ట్రాయ్‌లో మనం తినే పండు వేళ్ళు పొల్లాచ్చి కొబ్బరి పొట్టులో దిగి ఉండే అవకాశం బాగానే ఉంది. ఎరువు నీటిలో కలిపి వస్తుంది. నిషిద్ధమైన మందు కొట్టరు. అయితే అది ఆర్గానికేనా?

యూరప్ కాదంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న వాళ్ళ చట్టం ప్రకారం వేరు నేలలోనే ఉండాలి, ఆ నేల కింది పొరలతో కలిసి ఉండాలి. కెనడా కూడా నీటిలో పెంచినవాటిని ఆర్గానిక్‌గా ఒప్పుకోదు. 2009లో అమెరికాతో ఒప్పందం రాసుకున్నప్పుడే అలాంటి సరుకు మాకు పంపొద్దని షరతు పెట్టింది. అమెరికాలో ఆర్గానిక్ నియమాల సలహా మండలి 2010లో వద్దంది. 2017 నవంబరులో ఫ్లోరిడాలో కూర్చుని మళ్ళీ ఓటు వేస్తే, నిషేధించాలన్న తీర్మానం ఎనిమిది ఏడుతో ఓడిపోయింది. ఒక్క ఓటు. నేలనే నమ్ముకున్న రైతులు 2018లో రియల్ ఆర్గానిక్ ప్రాజెక్ట్ అని వేరే కుంపటి పెట్టి తమ ముద్ర తాము వేసుకుంటున్నారు. కొందరు కోర్టుకు వెళ్ళారు. 2021లో కింది కోర్టు, 2022లో పై కోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు ఇచ్చాయి.

నా మటుకు నాకు నేల పక్షమే న్యాయంగా తోస్తుంది. అమెరికా చట్టంలో ఆర్గానిక్ పథకానికి మొదటి షరతే నేల సారాన్ని పెంచాలని. నేలే లేని చోట ఆ షరతును ఎలా తీర్చినట్టు? అవతలివాళ్ళ మాటలోనూ పస లేకపోలేదు. ఎడారి ఇసుకలో నీళ్ళు పారబోసేకన్నా కుండీకి చుక్కలు లెక్కపెట్టి ఇస్తే నీరు మిగులుతుంది కదా అంటారు. వాళ్ళు తమ పండు అమ్ముకోవచ్చు, మంచి పండే. పేరు మాత్రం వేరేది పెట్టుకోవచ్చు.

ఓడ దిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంటుంది. పరాయి దేశం నుంచి పండు వస్తే దానితో పురుగు రాకుండా అమెరికా జాగ్రత్త పడుతుంది. చిలీ ద్రాక్షతోటల్లో ఒక చిమ్మట పురుగు వ్యాపించాక, అక్కడి కొన్ని ప్రాంతాల బ్లూబెర్రీకి మిథైల్ బ్రోమైడ్ అనే విషపు పొగ పెట్టాల్సి వచ్చేది. పొలంలో ఎంత నిష్ఠగా పండించినా, పొగ తగిలిన క్షణాన ఆర్గానిక్ అన్న పేరు పోతుంది. రైతు శ్రమంతా మామూలు ధరకు పోయేది. అందుకని పొగ బదులు తోటలోనే నిఘా పెట్టి పంపే పద్ధతికి చిలీవాళ్ళు ఏళ్ళ తరబడి బతిమాలి ఒప్పించుకున్నారు. పెరూ నుంచి వచ్చే ఆర్గానిక్ పండును పొగ లేకుండా రోజుల తరబడి గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంచి పురుగును చంపుతారు. చలిలో అన్నాళ్ళున్న పండు కాస్త మెత్తబడుతుంది. జనవరి డబ్బాలో అడుగున మెత్తటి పండ్లు ఎక్కువ తగిలితే ఈ ప్రయాణం కూడా ఒక కారణం కావచ్చు.

స్ట్రాబెర్రీ సంగతి మాట వరసకు చెబుతాను. ఆర్గానిక్ స్ట్రాబెర్రీ కొన్నప్పుడు ఆ మొక్క కూడా ఆర్గానిక్ నారేనని అనుకుంటాం. చాలాసార్లు కాదు. ఆర్గానిక్ నారు దొరకనప్పుడు మామూలు నారు వాడుకోవచ్చని నిబంధన ఉంది. ఆ నారుమళ్ళ నేలను చాలాచోట్ల ముందుగా విషపు పొగతోనే శుద్ధి చేస్తారు. పొలంలో నాటిన దగ్గరనుంచే లెక్క.

ఫిన్లాండ్‌లో ఇంకో రకం. అక్కడ ఎవరూ నాటరు, నీరు పెట్టరు. లక్షల హెక్టార్ల అడవినే ఆర్గానిక్ సేకరణ ప్రాంతంగా ధ్రువీకరించారు. అడవి బిల్‌బెర్రీ, లింగన్‌బెర్రీ ఎవరైనా ఏరుకోవచ్చు, ఆ హక్కు అందరిదీ. పండు విషయంలో ఇంతకన్నా స్వచ్ఛమైనది దొరకదు. అయితే అమ్మకానికి ఏరేది ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వచ్చిన కూలీలు. విమానం ఖర్చు అప్పు చేసి వచ్చి, ఆ అప్పు తీరక తిరిగి వెళ్ళినవాళ్ళున్నారు. మానవ అక్రమ రవాణా ఆరోపణలతో అక్కడ కేసులు నడిచాయి. స్పెయిన్‌లో వెల్వా ప్రాంతం యూరప్‌కంతటికీ స్ట్రాబెర్రీ పెడుతుంది. అక్కడి బోర్లు పక్కనున్న దొన్యానా చిత్తడి నేలల నీరు తోడేస్తున్నాయని, స్పెయిన్ దాన్ని కాపాడలేకపోయిందని 2021లో యూరప్ న్యాయస్థానం తప్పుపట్టింది. ఆర్గానిక్ ముద్ర ఏ మందు వాడలేదో చెబుతుంది. ఎవరి నీరు తాగి పండిందో, ఎవరి వెన్ను వంగిందో చెప్పదు. అది చెబుతుందని మనం అనుకుంటే తప్పు ముద్రది కాదు.

మన వైపు చూద్దాం. మహాబలేశ్వరం స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి నారు కొన్నేళ్ళుగా మన అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగికి వస్తోంది. చింతపల్లి మండలంలో చలికాలం తెల్లవారుజామున మంచు పొగ కమ్ముకునే ఆ ఊరి చుట్టూ, ప్లాస్టిక్ పరదా వేసిన బోదెల మీద, డ్రిప్పు కింద ఎర్రటి పండ్లు కనిపిస్తాయి. చూడటానికి వచ్చినవాళ్ళే కొనేస్తారు. కొనుక్కునేవాళ్ళు పొలం గట్టు మీదే నిలబడి ఉంటే సర్టిఫికెట్టు ఎవరడుగుతారు? రైతునే అడిగి తెలుసుకుంటారు. అమెరికాలో చిన్న రైతుకు అలాంటి వెసులుబాటే చట్టంలో ఉంది. ఏడాదికి ఐదు వేల డాలర్లలోపు ఆర్గానిక్ సరుకు అమ్మేవాళ్ళు, నియమాలు పాటిస్తే చాలు, సర్టిఫికెట్టు తీసుకోనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. జీవామృతం, కషాయాలు, నేలను ఎప్పుడూ పచ్చగా కప్పి ఉంచడం, వీటితో లక్షల మంది రైతులు సాగు చేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా ఆ పంటను ఆర్గానిక్ అని ట్రాయ్‌కి పంపాలంటే మాత్రం ఆ బహుమతి ఏమీ పనికిరాదు. మన దేశపు ఆర్గానిక్ పథకం కింద ఇచ్చే ధ్రువీకరణకు అమెరికా ఇస్తూ వచ్చిన గుర్తింపును 2021 జనవరిలో ఉపసంహరించుకుంది. ఇప్పుడు అమెరికా నియమాల ప్రకారం వేరే సర్టిఫికెట్టు, వేరే రుసుము. అటునుంచి రావడం కష్టమైంది గానీ, ఇటునుంచి వెళ్ళడం సులువైంది. 2023 సెప్టెంబరులో అమెరికా బ్లూబెర్రీల మీద భారత్ సుంకం తగ్గించింది.

ఇంతా విని, మరి మేమేం కొనాలి అంటారు కదా. నేను చేసేది చెబుతాను, మీ ఇష్టం మీది. జులై ఆగస్టుల్లో ముద్ర ఉందా లేదా అని చూడను. పడమటి తోటల పండు కొంటాను, వీలైతే తోటకే వెళ్తాను, ఎప్పుడు ఏం కొట్టారని అడుగుతాను. దాపరికం లేకుండా చెప్పే రైతు దగ్గర కొంటాను. ఆగస్టు చివర్లో వచ్చే ఎలియట్ లాంటి ఆలస్యపు రకాలకు ఈగ బెడద ఎక్కువ, వాటికి మందూ ఎక్కువ. జులైలో ముందుగా వచ్చే డ్యూక్, బ్లూక్రాప్ మీద అంత పడదు. మందు తక్కువ ఉండాలనుకునేవాళ్ళు తొందరగా వెళ్ళండి. చలికాలంలో పెరూ పండు జోలికి పోకుండా, గడ్డకట్టించిన మిషిగన్ పండు సంచీ కొంటాను. ఇక్కడి పంటలో పెద్ద భాగం అలాగే నిలవకు పోతుంది. పెరుగన్నంలో దానిమ్మ గింజల బదులు వేసి చూడండి, మా ఇంట్లో నాలుగేళ్ళ వాడి దగ్గరనుంచి అందరికీ అలవాటైంది.

పెరట్లోనే వేసుకుందామనుకునేవాళ్ళకు ఒక మాట. ట్రాయ్ పెరళ్ళలో మన గోంగూర, ఆనపకాయ బ్రహ్మాండంగా కాస్తాయి. ఆ ధైర్యంతో బ్లూబెర్రీ తెచ్చి నాటితే రెండో ఏడుకే ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఈ వైపు నేల ఎక్కువగా బంకమట్టి, క్షార గుణం. అది చూసి పాపం అని మరో రెండు గంపల పశువుల ఎరువు వేస్తారు. అదే దాని పాలిట విషం. అందులో ఉప్పూ క్షారమూ రెండూ ఎక్కువ. ముందు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విస్తరణ విభాగం వాళ్ళ పరీక్షకు మట్టి పంపండి. పీహెచ్ ఐదుకు అటూ ఇటూగా లేకపోతే నేలతో పోరాడకండి. పెద్ద కుండీ తెచ్చి, పైన్ చెట్టు బెరడూ పీట్ మాస్సూ కలిపి నింపి, అందులో రెండు వేర్వేరు రకాలు పక్కపక్కన పెట్టండి, కాపు బాగుంటుంది. చలికాలంలో కుందేళ్ళు కొమ్మలు కొరక్కుండా చుట్టూ తీగ వల కట్టండి. పండు రంగు తిరిగాక రాబిన్ పిట్టలు వదిలినంతే మీది. కుండీలో కాసింది కనక యూరప్‌లో దాన్ని ఆర్గానిక్ అని అమ్మడానికి వీల్లేదు. పిల్లలున్న ఇంట్లో అమ్మేదాకా మిగలదు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు.